మతోన్మాదిని గేమ్ విలన్‌గా మలచడం ఎలా? సవోనరోలాతో మొదటి కాగితం నుంచి చివరి టెస్ట్ దాకా

నెల్లూరులో ఆదివారాలు గేమ్ తయారీ నేర్పుతుంటాను. కావలి నుంచి, ఒంగోలు నుంచి కూడా పిల్లలు వస్తారు. ఈ ఏడాది అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, చరిత్రలో నిజంగా ఉన్న మతపిచ్చోణ్ణి విలన్‌గా పెట్టాలంటే ఎట్టా చేయాలి?" నోటితో చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలిపోతోంది. అందుకే వరసగా రాస్తున్నాను.

నేను తీసుకున్న మనిషి జిరోలమో సవోనరోలా. 15వ శతాబ్దం చివర ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరాన్ని మాటతో శాసించిన డొమినికన్ (క్యాథలిక్ సన్యాసుల్లో ఒక శాఖ) సన్యాసి. మీరు వేరే వాళ్లను తీసుకున్నా మెట్లు ఇవే.

కావలసినవి:

- ఓ మోస్తరు కంప్యూటర్, అందులో గొడాట్ ఇంజిన్ (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్, ఉచితం), 4వ వెర్షన్ గానీ ఆ తర్వాతది గానీ
- బొమ్మలకు క్రిటా, శబ్దాలకు ఆడాసిటీ (రెండూ ఉచితమే)
- గీతల్లేని నోట్‌బుక్
- కనీసం ఆరు వారాల ఓపిక. అందులో మొదటి రెండు వారాలు కంప్యూటర్ ముట్టుకోవద్దు.

1. మనిషిని ఎంచుకోవడం

ఎంచుకునే ముందు మూడు విషయాలు చూసుకోండి. ఆయన పోయి కనీసం మూడు నాలుగు వందల ఏళ్లు అయి ఉండాలి. ఆయన జీవితం తారీఖులతో సహా దొరకాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆయన వెంట జనం ఇష్టంగా నడిచి ఉండాలి. కత్తి చూపించి లొంగదీసుకున్నవాడు మామూలు రాజు. చేతిలో కత్తి లేకుండానే జనం చేత తమ వస్తువులు తామే తెచ్చి తగలబెట్టేలా చేసినవాడే మనకు కావాల్సిన విలన్.

మన చుట్టుపక్కల ఇప్పటికీ గొడవలు రగులుతున్న విషయాల జోలికి మాత్రం పోవద్దు. మొదటి గేమ్‌కి ఆ బరువు మోయలేరు.

2. తారీఖుల కాగితం

నోట్‌బుక్‌లో ఒక పేజీని మూడు నిలువు వరుసలుగా విడగొట్టండి. మొదటిది "జరిగింది". రెండోది "జరిగిందంటారు". మూడోది "నేను కల్పించింది". గేమ్‌లోకి వచ్చే ప్రతి సంఘటననూ ఈ మూడింట్లో ఒకదానిలో రాయాల్సిందే.

సవోనరోలాకు నా మొదటి వరుస ఇది:

- 1452 సెప్టెంబర్ 21: ఫెరారాలో పుట్టుక
- 1491: ఫ్లోరెన్స్‌లో సాన్ మార్కో మఠానికి పెద్ద
- 1494: ఫ్రాన్స్ రాజు 8వ చార్లెస్ దండెత్తి రావడం, నగరాన్ని ఏలుతున్న మెడిచి కుటుంబం పారిపోవడం
- 1497 ఫిబ్రవరి 7: నగరం నడిబొడ్డున విలాస వస్తువుల దహనం
- 1497 మే 13: పోపు 6వ అలెగ్జాండర్ ఆయన్ను మతం నుంచి వెలివేయడం
- 1498 ఏప్రిల్ 7: నిప్పుల పరీక్ష రద్దు. మర్నాడు అరెస్టు
- 1498 మే 23: మరో ఇద్దరు సన్యాసులతో పాటు ఉరి, దేహాల దహనం, బూడిద ఆర్నో నదిలో

దహనం రోజు ఒక వెనిస్ వ్యాపారి ఆ కుప్పనంతా కొనేస్తానని బేరమాడితే, అతని బొమ్మ గీయించి కుప్ప మీదే పెట్టి కాల్చారని ఒక కథ ఉంది. గేమ్‌కి అద్భుతమైన సన్నివేశం. కానీ అది రెండో వరుసలోకే పోవాలి. గేమ్‌లో దాన్ని ఒక ముసలాయన నోట చెప్పించాను, కళ్లముందు చూపించలేదు.

3. అతను ఎక్కడ కరెక్టో రాయండి

అందరూ ఎగ్గొట్టే మెట్టు ఇదే, గేమ్ పాడయ్యేదీ ఇక్కడే.

మన పక్క ఊళ్లలో రాయబారం నాటకం చూసినవాళ్లకు తెలుసు. దుర్యోధనుడి పద్యానికి కూడా జనం "వన్స్ మోర్" అంటారు. ఆ కాసేపూ అతని వాదనలో బలం ఉంటుంది, నటుడు దాన్ని మనసారా నమ్మి పాడతాడు. మీ విలన్‌కి ఆ పద్యం దక్కాలి.

సవోనరోలా వాదనలో బలం తక్కువేం కాదు. చర్చి పెద్దల అవినీతిని మొహం మీదే తిట్టాడు. మెడిచిలు పోయాక వేల మంది పౌరులకు చోటిచ్చే మహాసభ ఏర్పడటానికి అండగా నిలిచాడు. పేదలకు తక్కువ వడ్డీకి అప్పులిచ్చే సంస్థ పెట్టించడంలో ఆయన చెయ్యి ఉంది. ఇవన్నీ మొదటి లెవెల్లోనే ప్లేయర్‌కి తెలియాలి. ఆకలితో ఉన్న కుటుంబానికి ఆయన వల్ల రొట్టె దొరకడం ప్లేయర్ చూడాలి.

ఆ తర్వాత మలుపు తిరిగే చోటు వెతకండి. నాకు దొరికింది 1497 ఆగస్టు. మరణశిక్ష పడ్డవాళ్లు పై సభకు అప్పీలు చేసుకునే హక్కు 1495లో ఆయన మద్దతుతోనే వచ్చింది. రెండేళ్లకు మెడిచి పక్షం వాళ్లు ఐదుగురికి శిక్ష పడింది. ఆ హక్కు వాళ్లకు దక్కలేదు. ఆయన నోరు విప్పలేదు. తను నిలబెట్టిన న్యాయం శత్రువుకి కూడా దక్కాలని అనుకోని క్షణమది. విలన్ అక్కడే పుడతాడు. మంటల దగ్గర కాదు.

తప్పు: "వాడు మొదట్నుంచీ దుర్మార్గుడే" అన్నట్టు రాయడం.
సరిచేసే దారి: విలన్ గురించి ఐదు వాక్యాలు అతని భక్తుడు రాసినట్టు రాయండి. చదివితే మీకే కాస్త నమ్మబుద్ధి కావాలి. కాకపోతే మళ్లీ రాయండి.

4. ప్లేయర్ చేతికి బుట్ట ఇవ్వండి

గేమ్‌లో విలన్ ఏం చేశాడన్నదాని కంటే, విలన్ కోసం ప్లేయర్ ఏం చేశాడన్నది ఎక్కువ గుర్తుంటుంది. అందుకే నా గేమ్‌లో ప్లేయర్ వీరుడు కాదు, పన్నెండేళ్ల కుర్రాడు.

చరిత్రలో ఇది నిజంగా ఉంది. సవోనరోలా అనుచరుడైన సన్యాసి ఫ్రా డొమెనికో ("ఫ్రా" అంటే బ్రదర్) చేతి కింద ఫ్లోరెన్స్ పిల్లల్ని జట్లుగా కట్టారు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఇంటింటికీ తిరిగి అద్దాలు, సవరాలు, పేకలు, పాచికలు, వీణల్లాంటి వాయిద్యాలు, పుస్తకాలు, బొమ్మలు పోగుచేసేవాళ్లు. ఫ్లోరెన్స్‌లో నాలుగు పేటలు: సాన్ జొవాన్ని, సాంటా క్రోచె, సాంటా మరియా నొవెల్లా, సాంటో స్పిరిటో. నాలుగు లెవెల్స్ మనకు ఉత్తినే వచ్చేశాయి.

ఒక లెవెల్లో ఏడు ఇళ్లు పెట్టండి. వాటి వరస చాలా ముఖ్యం.

1వ ఇల్లు: జూదరి. పేకలు నవ్వుతూ ఇచ్చేస్తాడు, పెళ్లాం దణ్ణం పెడుతుంది.
2వ ఇల్లు: ధనవంతురాలు. అద్దం ఇస్తుంది, కాస్త చిరాగ్గా.
3వ ఇల్లు: దాచిపెట్టినవాడు. మీరు కనిపెట్టగానే వీధిలో చప్పట్లు.
4వ ఇల్లు: వాయిద్యకారుడు. మాట్లాడకుండా ఇస్తాడు. చప్పట్లు ఉండవు.
5వ ఇల్లు: చిత్రకారుడు. తన బొమ్మ తనే తెచ్చి బుట్టలో వేస్తాడు, కళ్లలో వెలుగుతో. ఈ ఇల్లు మిగతా అన్నిటికంటే భయపెడుతుంది.
6వ ఇల్లు: తలుపు తీయరు. మీ జట్టు పిల్లలు తలుపు బాదుతారు.
7వ ఇల్లు: మీ సొంత ఇల్లు. అమ్మ పెళ్లినాటి అద్దం.

వస్తువు తీసుకోవడానికి బటన్ నొక్కి పట్టుకోవాలి. మొదటి ఇంట్లో 0.3 సెకన్లు చాలు. ఇల్లు మారే కొద్దీ పెంచుతూ పోండి. ఏడో ఇంట్లో 4 సెకన్లు. స్కోరు పేరు "పుణ్యం" అని పెట్టాను. ఆరో ఇంటి నుంచి అది రెట్టింపవుతుంది. ఎక్కడా "నువ్వు తప్పు చేస్తున్నావు" అనే మాట తెర మీద రాకూడదు. ఆ మాట ప్లేయర్ వేలికి తెలియాలి.

కావలి నుంచి వచ్చే తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు దీన్ని ఫోన్లో ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. ఆరు ఇళ్లు చకచకా అయిపోయాయి. ఏడో ఇంట్లో అద్దం మీద బొటనవేలు పెట్టాడు. రెండు సెకన్లకు తీసేశాడు. మళ్లీ పెట్టాడు. గుండ్రంగా నిండే గీత సగం దాకా వచ్చింది. వేలు తీసి నా వైపు తిరిగాడు. "అన్నా, ఎనక్కి పోయే బటన్ లేదా?"

నిజంగానే లేదు. ఆ రాత్రే పెట్టాను. ఇప్పుడు ప్లేయర్ అద్దం వదిలేసి బయటికి రావచ్చు. కానీ జట్టు పిల్లలు మాట్లాడటం మానేస్తారు, మర్నాడు వాళ్లు కొట్టే మొదటి తలుపు ప్లేయర్ ఇంటిదే. కాదనే దారి ఉండాలి, దానికి ఖరీదూ ఉండాలి.

చెక్‌లిస్ట్:

- ప్లేయర్ విలన్‌కి కనీసం మూడుసార్లు ఇష్టంగా సాయం చేశాడా?
- ఆ సాయానికి వెంటనే మెప్పు దొరికిందా?
- కాదనే దారి ఉందా? దానివల్ల ఏదైనా పోగొట్టుకున్నాడా?
- నీతివాక్యం ఎక్కడైనా మిగిలిపోయిందా? ఉంటే తీసేయండి.

5. గొంతు

ఫ్లోరెన్స్‌కి వచ్చిన కొత్తలో సవోనరోలా ప్రసంగాలకు జనం నిలవలేదు. యాస వేరు, గొంతు కరకు. అదే మనిషి పదేళ్లకు పెద్ద చర్చి నిండా జనాన్ని ఏడిపించాడు. ఆయన అనుచరుల్ని వైరి పక్షం "ఏడుపుగాళ్లు" అనే పిలిచేది. అంటే గంభీరమైన కంఠం ఉంటేనే విలన్ అనుకోకండి.

నాకు గొంతు ఇచ్చింది ఒంగోలు దగ్గర ఊళ్లో ఉండే ఒక పౌరాణిక నాటకాల పెద్దాయన. మే నెల, ఫ్యాన్ ఆపేశాం, తలుపులకు దుప్పట్లు కట్టాం. మొదటి టేక్‌లో ఆయన హిరణ్యకశిపుడయ్యారు. గది అదిరింది, భయం మాత్రం వేయలేదు. "మాస్టారూ, ఎదురుగా మీ మనవరాలు జ్వరంతో పడుకుని ఉందనుకుని చెప్పండి" అన్నాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. మైకుకి కాస్త దగ్గరగా జరిగి, ఎంతో మెల్లగా అన్నారు:

"పాపం, మీ అమ్మకు తెలియదు నాయనా. ఆ అద్దం నువ్వే తీసుకురా. ఆవిడకు మంచి చేసినట్టే."

చెమటలో ఉన్న నాకు ఒళ్లు జలదరించింది. "ఇట్టాగేనా అబ్బాయ్?" అని ఆయన అడిగేదాకా రికార్డింగ్ ఆపాలని కూడా తోచలేదు.

రికార్డింగ్ సూత్రాలు మూడే. తిట్టు ఉండకూడదు. అరుపు గేమ్ మొత్తంలో ఒక్కసారే, అదీ అతను ఓడిపోతున్నప్పుడు. డైలాగ్ పన్నెండు మాటలు దాటకూడదు. చర్చి లోపలి ప్రసంగానికి గొడాట్ ఆడియో బస్‌లో రివర్బ్ (ప్రతిధ్వని) పెట్టండి. ఇంట్లో మాట్లాడే మాటకు వద్దు.

డైలాగులు మీరే రాసుకోండి. అచ్చులో ఉన్న ప్రసంగాల ముక్కలు తెచ్చి అతికిస్తే తెలుగులో అవి బండరాళ్లలా పడతాయి. మీరు రాసినవి ఆయన అన్న మాటలని మాత్రం ఎక్కడా చెప్పకండి, అవి మూడో వరుసలోవి.

6. వేషం

దీనికి రెండు రోజులు చాలు. డొమినికన్ల దుస్తులు తెల్ల అంగీ, పైన నల్ల ముసుగు వస్త్రం. ఈ రెండు రంగులూ చాలు. ఎర్ర కళ్లు, పొగ, పుర్రెలు వద్దు. నా మొదటి వెర్షన్‌లో ఎర్ర కళ్లు పెట్టి ఒక కాలేజీ ఫెస్ట్‌లో చూపించాను. విలన్ రాగానే హాలంతా ఈలలు. ఒక్కరికీ భయం లేదు. ఇంటికొచ్చి ఆ లేయర్ చెరిపేశాను.

7. జనం

ఇలాంటి విలన్‌కి జనమే ఆయుధం. అసాసిన్స్ క్రీడ్ 2 అదనపు అధ్యాయంలో సవోనరోలా ఒక మాయవస్తువు చేతబట్టుకుని నగరాన్ని లొంగదీసుకుంటాడు. ఆడటానికి బాగుంటుంది. మీరు మాత్రం మాయవస్తువు పెట్టకండి. అసలు ఫ్లోరెన్స్‌లో అలాంటిదేమీ లేదు, జనం పక్కవాణ్ణి చూసి కదిలారు.

నలభై మంది చాలు. రంగనాథస్వామి రథోత్సవం నాడు గుడి వీధిలో ఒక అరుగెక్కి గంటసేపు జనం కదలికనే గమనించాను. అందరూ ఒక్కసారి కదలరు. ముందు కొందరు కదులుతారు, వాళ్ల పక్కవాళ్లు ఒకసారి అటూ ఇటూ చూసి తర్వాత కదులుతారు. ఆ "అటూ ఇటూ చూడటం" యానిమేషన్ లేకపోతే జనం బొమ్మల్లా ఉంటారు.

గొడాట్‌లో చేసే పద్ధతి:

- ప్రతి మనిషికీ మూడు స్థితులు: వినడం, చుట్టూ చూడటం, మోకరిల్లడం.
- ప్రతి మనిషి చుట్టూ ఒక ఏరియా2డీ (లోపల ఎవరున్నారో పసిగట్టే హద్దు) పెట్టి, అందులో ఉన్న పక్కవాళ్ల స్థితి చదవండి.
- సగం మందికి పైగా మోకరిల్లి ఉంటే ఇతనూ మోకరిల్లాలి, 0.2 నుంచి 1.5 సెకన్ల మధ్య ఎంతో కొంత ఆలస్యంతో.
- ఇద్దరు ముగ్గురిని ఎవరు మోకరిల్లినా మారనివాళ్లుగా పెట్టండి. ప్లేయర్ కళ్లు వాళ్లనే వెతుక్కుంటాయి.

తప్పు: ఈ లెక్క ప్రతి ఫ్రేమ్‌లో చేయించడం. తక్కువ ధర ఫోన్లు మొరాయిస్తాయి.
సరిచేసే దారి: టైమర్ పెట్టి రెండు సెకన్లకొకసారి చేయించండి. అందరికీ ఒకే క్షణంలో కాకుండా విడివిడిగా మొదలుపెట్టండి.

8. జరగని బాస్ ఫైట్

చివర్లో విలన్‌తో కత్తియుద్ధం పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. ఆపుకోండి. చరిత్ర అంతకన్నా మంచి ముగింపు ఇచ్చింది.

1498 ఏప్రిల్ 7. సవోనరోలా నిజంగా దేవుడు పంపిన ప్రవక్తో కాదో తేల్చడానికి నిప్పుల మధ్య నడవాలని ఫ్రాన్సిస్కన్ అనే మరో శాఖ సన్యాసి సవాలు విసిరాడు. సవోనరోలా బదులు ఫ్రా డొమెనికో నడుస్తానన్నాడు. నగరం నడిబొడ్డున కట్టెలు పేర్చి మధ్యలో దారి వదిలారు. జనం కిక్కిరిసిపోయారు. ఆ తర్వాత మొదలైంది వాదన. డొమెనికో అంగీకి మంత్రం వేసి ఉంటుందేమో మార్చుకోవాలన్నారు. చేతిలో శిలువ ఉండకూడదన్నారు. శిలువ కాకపోతే దివ్యప్రసాదం పట్టుకుని నడుస్తానన్నాడు, దానికీ ఒప్పుకోలేదు. గంటలు గడిచాయి, వాన పడింది. సాయంత్రానికి అంతా రద్దు. అద్భుతం చూద్దామని వచ్చినవాళ్లు తడిసి, ఆకలితో, కోపంతో ఇళ్లకు పోయారు. మర్నాడు వాళ్లే సాన్ మార్కో మఠం మీద పడ్డారు.

దీన్ని గేమ్‌లో ఇలా మార్చండి. కుర్రాడు రెండు పక్షాల మధ్య కబుర్లు మోసే పనిలో ఉంటాడు. ప్రతి అభ్యంతరానికీ అటు నుంచి ఇటు పరుగు. పైన "ఓపిక" గీత తగ్గుతూ ఉంటుంది. ఎంత వేగంగా పరుగెత్తినా అది ఆగదు. వాన మొదలయ్యే వేళకు సున్నా కావాలి.

అప్పుడు 7వ మెట్టులో రాసిన కోడ్‌నే మళ్లీ వాడండి. "మోకరిల్లడం" స్థితికి బదులు "రాయి తీయడం" పెట్టండి. మిగతా లెక్క ఒక్కటి కూడా మార్చొద్దు. మోకరిల్లని ఆ ఇద్దరు ముగ్గురు ఇప్పుడు రాయి కూడా తీయరు. నా గేమ్ మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన చోటు ఇదే.

దాడి జరిగిన రాత్రి మఠం గంట మోగిస్తూనే ఉన్నారు. తర్వాత ఆ గంటను దించి, కొరడాతో కొట్టిస్తూ నగరం నుంచి బహిష్కరించారు. గంట శబ్దాన్ని మొదటి లెవెల్ నుంచీ వాడుకోండి. చివరి లెవెల్లో అది వినపడకపోవడం ప్లేయర్‌కి తెలుస్తుంది.

9. తెలుగు అక్షరాలు విరగకుండా

గొడాట్ 3లో వత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి. అందుకే 4 తీసుకోమన్నాను. నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ ఫాంట్‌ని ప్రాజెక్టులోనే పెట్టండి. ఫోన్‌లో ఉంటుందిలే అని వదిలేయొద్దు.

డైలాగ్ ఒక్కో అక్షరంగా టైప్ అవుతూ రావాలంటే ఇంకో చిక్కు. "స్త్రీ" రావాల్సిన చోట ముందు "స", తర్వాత పొల్లు, తర్వాత "త" అంటూ రూపం మారుతూ కళ్లు చెదురుతాయి. గొడాట్‌లో అక్షరాలు చూపించే రిచ్‌టెక్స్ట్‌లేబుల్‌లో విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్ అనే సెట్టింగ్ ఉంటుంది. మామూలుగా అది "బిఫోర్ షేపింగ్"లో ఉంటుంది, దాన్ని "ఆఫ్టర్ షేపింగ్"కి మార్చండి. నాకు ఇది తెలియక మూడు రాత్రులు పోయాయి.

10. నమ్మేవాళ్లకు చూపించండి

గేమ్ బయటపెట్టే ముందు ఆ మతం పాటించే మనిషికి చూపించాలి. ఇది మర్యాద కోసం కాదు, పని కోసం. నేను మా ఊళ్లో ఒక ఫాదర్‌ గారికి చూపించాను. ఆయన మొత్తం ఆడి, "సవోనరోలాను పుణ్యపురుషుడిగా తలిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది కూడా రానీ బాబూ" అన్నారు. నిజమే. ఆయన్ను చంపిన చోట రాతి ఫలకం ఉంది, ఏటా మే 23న దాని మీద పూలు చల్లుతారు. నా చివరి స్క్రీన్ అదే అయింది. సంగీతం లేదు, రాయి మీద పూలు మాత్రమే.

భక్తిని విలన్ చేస్తున్నామన్న అపోహ రాకూడదు. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో నీళ్లలో నిలబడి, ఏ మతమని అడక్కుండా చదువు రొట్టె, పెళ్లి రొట్టె మార్చుకునే జనం మధ్య పెరిగినవాళ్లం మనం. అందుకే గేమ్‌లో కుర్రాడి అమ్మను కూడా భక్తురాలిగానే పెట్టాను. అద్దం ఇవ్వననే ఆవిడ రోజూ ప్రార్థన చేస్తుంది. ఈ ఒక్క పాత్ర లేకపోతే గేమ్ మొత్తం ఒక మతాన్ని తిట్టినట్టు అయ్యేది.

11. టెస్ట్

ఐదుగురికి ఇవ్వండి. ఇద్దరు గేములు అసలు ఆడనివాళ్లు అయి ఉండాలి. పక్కన కూర్చోండి, నోరు మెదపొద్దు. తెర కంటే వాళ్ల చేతుల్ని ఎక్కువ చూడండి.

రాసుకోవాల్సినవి:

- ఏ ఇంటి దగ్గర వేలు మొదటిసారి ఆగింది? 4 కంటే ముందే ఆగితే విలన్ మంచితనం సరిపోలేదు. 3వ మెట్టుకి వెళ్లండి.
- ఏడో ఇంట్లో కూడా ఆగకపోతే, అమ్మ పాత్రకు ముందు లెవెల్లో చోటు తక్కువైంది. ఆవిడ అద్దం ముందు కూర్చుని కుర్రాడి తల దువ్వే సీన్ ఒకటి పెట్టండి.
- విలన్ మాట్లాడుతుంటే స్కిప్ నొక్కారా? డైలాగ్ కుదించండి.
- నిప్పుల పరీక్షలో విసుగొచ్చిందా, టెన్షన్ వచ్చిందా? విసుగైతే పరుగు దూరం తగ్గించి అభ్యంతరాల సంఖ్య పెంచండి.
- అయిపోయాక "వాడు మంచోడా చెడ్డోడా?" అని ఇద్దరైనా మీతో వాదనకు దిగారా? దిగకపోతే ఇంకా విడుదల చేయకండి.